చమురు కవిలెలో గండికోట

భూగర్భ శాస్త్రజ్ఞుల పటాల్లో గండికోట అన్నది ఒక ఊరి పేరుతో పాటు ఒక రాతి పొర పేరు కూడా. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయినచోట నిట్టనిలువుగా నిలబడ్డ ఆ ఎర్రటి గోడల రాయిని వాళ్లు గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఈ పొరల్ని చమురు శాఖ వాళ్లూ మరిచిపోలేదు. దేశంలో చమురుకు, గ్యాసుకు ఆస్కారమున్న అవక్షేప ప్రాంతాలు ఇరవై ఆరని చెప్పే జాబితాలో కడప పేరుంది. కాకపోతే మూడో తరగతిలో ఉంది, అంటే ఆశ తప్ప చేతికి ఏమీ అందని వరసలో. ఇక్కడ చమురు బావి లేదు, శుద్ధి కర్మాగారం లేదు. కానీ చమురు కాలని రోజూ లేదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనుల్లో బండలు పెకలించే యంత్రాలకు డీజిలు కావాలి. ఆ బండల్ని మోసుకుపోయే లారీలకు కావాలి, సిమెంటు మూటలు మోసే లారీలకు కావాలి, వేరుశనగ చేలు దున్నే ట్రాక్టర్లకూ కావాలి. లీటరు డీజిలు తూస్తే కిలో కూడా తూగదు. అది కాలితే అందులోని బొగ్గు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువవుతుంది. మూడు వందల లీటర్ల ట్యాంకు నింపుకుని బండలతో కొండ దిగిన లారీ, ఆ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఎనిమిది వందల కిలోల వాయువును దారి పొడవునా వదిలేసి ఉంటుంది.

ఆ ఎనిమిది వందల కిలోలు ఎవరి పుస్తకంలో ఉంటాయి? చమురు కంపెనీలు ఏటా అచ్చువేసే నివేదికల్లో శక్తి వాడకానికి, హరితగృహ వాయువులకు పేజీలకు పేజీల పట్టికలుంటాయి. వాటిలో గండికోట దారిన పోయిన లారీకి చాలా కాలం గడి లేదు. ఇప్పుడు ఉన్నా, ఇష్టముంటే నింపవచ్చునన్న వరసలో ఉంది. దీన్ని మోసం అనేయడం తేలిక, కానీ అలా అంటే చరిత్ర అర్థం కాదు. ఏ లెక్క అయినా, దాన్ని అడిగినవాడు దేనికి భయపడ్డాడో ఆ భయం ఆకారంలోనే తయారవుతుంది. మన దేశంలో చమురు పరిశ్రమ చేత శక్తి లెక్క రాయించింది వాతావరణం గురించిన భయం కాదు, విదేశీ మారకం గురించిన భయం. ఫ్యాక్టరీ ప్రహరీ దాటి చూడకపోవడం, మొత్తం ఎంత అని కాక పీపాకు ఎంత అని అడగడం, ఈ రెండు గుణాలూ ఆ లెక్కకు పుట్టుకతో వచ్చినవే. ఇలాంటి సంగతి తెలుసుకోవడానికి గండికోట సీమ మంచి చోటు. లెక్కలు ఎలా పుడతాయో, ఎలా అబద్ధమాడతాయో, ఎలా దారికొస్తాయో ఈ నేలకు నాలుగు వందల ఏళ్ల అనుభవం ఉంది.

కోట సంగతే తీసుకుందాం. పెమ్మసాని నాయకుల తర్వాత 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. మరో రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చి, కోటలో తోపులు పోతపోయడం చూసి రాసిపెట్టాడు. ఆ కథలో తోపులున్నాయి, వాటిని పోసిన ఫ్రెంచి పనివాడున్నాడు, లోహం కోసం కరిగించబోయిన దేవతా విగ్రహాలున్నాయి. కొలిమికి ఎన్ని బండ్ల బొగ్గు పట్టిందో, ఆ బొగ్గు కోసం ఎర్రమలలో ఎంత అడవి కొట్టారో లేదు. ఎందుకుంటుంది? తోపు కావాలనుకున్నవాడు తోపుల్ని లెక్కపెట్టుకుంటాడు, కట్టె అయిపోతుందన్న భయం అతనికి లేదు. అదే కోటలో ధాన్యం కొట్టు మాత్రం ఈనాటికీ బ్రహ్మాండంగా నిలబడి ఉంది. ముట్టడి వస్తే తిండి ఎన్నాళ్లు ఆగుతుందన్నది కోటను ఏలినవాడి అసలు భయం, కాబట్టి గింజకు రాతి కట్టడం దక్కింది. తర్వాత కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫీయత్తుల్లో గండికోటదీ ఒకటి. కరణాల ఇళ్లలోని దండకవిలెలే ఆ కైఫీయత్తులకు ఆధారం. వాటిలో దేవాలయ మాన్యాలు, చెరువులు, సరిహద్దులు, ఎవరి ఏలుబడిలో ఏమి జరిగిందన్నవి దొరుకుతాయి. ఊరి పొయ్యిల్లో ఎంత కాలిందన్నది ఏ కవిలెకూ ఎక్కలేదు, ఎందుకంటే దాని మీద శిస్తు లేదు.

1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన మొదటి చిక్కు కూడా లెక్కలదే. ఊరి భూమి ఎంత, సాగు ఎంత, మాన్యం ఎంత అన్నది చెప్పేవాడు కరణం. కరణానికీ ఊళ్లో మాన్యముంది, బంధువులున్నారు, రెడ్డితో ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. లెక్కకు రాని పొలాలు, రహస్యపు ఇనాములు ఎన్నో ఉన్నాయని మన్రో గ్రహించాడు. కరణాన్ని తీసేసి ఊరుకుందామంటే కుదరదు, ఆ సంగతులన్నీ తెలిసింది అతనొక్కడికే. అందుకని కరణం లెక్కను అట్టే పెట్టి, దాని పక్కన మరో లెక్క నిలబెట్టాడు. 1802 నుంచి గొలుసులు పట్టుకున్న కొలతగాళ్లు పొలం పొలం కొలిచారు, వాళ్ల కొలతల్ని తనిఖీ చేయడానికి పైన మరో వరుస మనుషులు తిరిగారు. ఈ పద్ధతిని మహా న్యాయంగా పొగడక్కర్లేదు. ఆ సర్వే మీద వేసిన శిస్తు మెట్ట రైతుకు మోయలేని బరువైందని ఆ తర్వాత మన్రోనే తగ్గించమని అడిగాడు. కానీ చెప్పేవాడి లెక్కకు, చూసేవాడి కొలతకు మధ్య తేడాను బయటపెట్టడమే పాలనకు పునాది అన్న సంగతి ఈ సీమలో అప్పుడే స్థిరపడింది. చమురు నివేదికల గురించి మాట్లాడేటప్పుడు ఈ కరణమూ గొలుసూ మళ్లీ మళ్లీ గుర్తుకొస్తాయి.

చమురు ఈ ఊళ్లలోకి దీపంగా వచ్చింది. అంతకుముందు వెలుగంటే ఆముదం. ఆ ఆముదం ఊరి చేలోనే పండేది, ఇంట్లోనో గానుగలోనో నూనె తీసేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో డబ్బాల్లో దిగిన కిరసనాయిలు దాన్ని మెల్లగా పక్కకు నెట్టింది. వెలుగు కోసం ఊరు మొదటిసారి ఊరి బయటి వస్తువు మీద, ఆపైన దేశం బయటి వస్తువు మీద ఆధారపడింది. వర్తకుడి చేతిలో ఉన్నంత కాలం అది చిట్టాపద్దు వ్యవహారమే. కొరత వచ్చి, రేషను వచ్చి, రాయితీ వచ్చాక మాత్రం ప్రభుత్వం కిరోసిన్‌ను లెక్కపెట్టినంత పట్టుదలగా మరే చమురునూ లెక్కపెట్టలేదు. జిల్లాకు ఇన్ని కిలోలీటర్లు, మండలానికి ఇన్ని, డీలరుకు ఇన్ని, కార్డుకు ఇన్ని లీటర్లు అని పంపకం. స్టాకు రిజిస్టరు, దాని మీద తనిఖీ. డీజిలులో కల్తీ చేస్తే పట్టుబడాలని రాయితీ కిరోసిన్‌కు నీలం రంగు కూడా కలిపారు. ఏ గడపలో ఎంత కాలాలో కాగితం మీద ఉండేది. చమురు కాలేచోట లెక్కపెట్టడం ఆచరణలో సాధ్యం కాదని ఇప్పుడెవరైనా అంటే ఈ నీలం కిరోసిన్ చరిత్ర ఒక్కటి చాలు జవాబుకు. రాయితీ దారి తప్పుతుందన్న భయం ఉంది కనుక కార్డు దాకా లెక్క దిగింది. డీజిలుకు అలాంటి భయం లేదు, అందుకే దాని లెక్క డిపో దగ్గర ఆగింది.

ఇక శక్తి వాడకం నివేదికల పుట్టుక. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత పీపా ధర మూడు డాలర్ల దగ్గర నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండుకు చేరువైంది. దిగుమతి చమురు మీద బతికే దేశానికి అది పిడుగు. చమురు కంపెనీల జాతీయీకరణ ఆ దశాబ్దంలోనే జరిగింది. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన శుద్ధి కర్మాగారం 1978 నాటికి హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిపోయింది. పెట్రోలియం పొదుపు కోసం పీసీఆర్ఏ ఏర్పడిందీ 1978లోనే. పొదుపు ప్రచారం నుంచి చట్టబద్ధమైన నివేదికకు రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1988లో కంపెనీల చట్టాన్ని సవరించి, డైరెక్టర్ల బోర్డు తన వార్షిక నివేదికలో కొన్ని వివరాలు చెప్పి తీరాలన్నారు. ఆ నిబంధనను ఒకసారి నిదానంగా చదవాలి. శక్తి పొదుపు, సాంకేతిక పరిజ్ఞానాన్ని ఇముడ్చుకోవడం, విదేశీ మారకపు రాబడి పోకడ, ఈ మూడింటినీ ఒకే క్లాజులో కలిపి కట్టారు. శక్తి పక్కన డాలరును కూర్చోబెట్టడం యాదృచ్ఛికం కాదు. ఆ ఏడాదే వచ్చిన నియమాల కింద జాబితాకెక్కిన పరిశ్రమలు ఫారం-ఎ నింపాల్సి వచ్చింది. కొన్న కరెంటు ఎన్ని యూనిట్లు, సొంతంగా పుట్టించింది ఎంత, బొగ్గు ఎంత, ఫర్నేసు ఆయిల్ ఎంత, చివరికి టన్ను సరుకుకు ఎంత పడింది అన్నవి ఆ గడులు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నివేదికల్లోకి శక్తి లెక్క వచ్చింది ఈ దారినే. 2013లో కంపెనీల చట్టాన్ని మొత్తం తిరగరాశారు, అయినా ఆ మూడింటి జత మాత్రం విడదీయలేదు. కొత్త చట్టం 134వ సెక్షన్‌లో అవి నేటికీ ఒకే క్లాజులో పక్కపక్కనే ఉన్నాయి.

ఈ ఫారాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. ప్రపంచంలో చాలా దేశాల కంపెనీలు శక్తి వాడకాన్ని వ్యాపార రహస్యంలా దాచుకుంటున్న రోజుల్లో, మన కంపెనీలు దాన్ని వాటాదార్ల ముందు పెట్టవలసి వచ్చింది. కాని అది పొదుపు కోరేవాడు వేసిన ప్రశ్న. పొదుపు కోరేవాడు టన్నుకు ఎంత అనే అడుగుతాడు, ఎన్ని టన్నులు అని అడగడు. 2001లో వచ్చిన శక్తి పొదుపు చట్టం, దాని కింద పరిశ్రమలకు శక్తి పొదుపు లక్ష్యాలు పెడుతూ 2012లో మొదలైన పాట్ పథకం ఆ బాటనే నడిచాయి. మొదటి విడతలో సిమెంటు, ఉక్కు, థర్మల్ విద్యుత్తు వంటి ఎనిమిది రంగాలు ఉన్నాయి. చమురు శుద్ధి వాటిలో లేదు, అది 2016లో మొదలైన రెండో విడతలోకి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న విడ్డూరం ఉంది. చమురు బావే లేని కడప జిల్లా ప్రధాన పరిశ్రమలు రెండూ, అంటే సిమెంటూ బొగ్గు కరెంటూ, చమురు శుద్ధి కంటే నాలుగేళ్ల ముందే ఈ బడిలో చేరాయి. శుద్ధి కర్మాగారాలకు వాడే కొలత పేరు ఎంబీఎన్. పీపాకు ఎన్ని వేల బీటీయూల వేడి ఖర్చయిందో చూసి, ఆ అంకెను మళ్లీ కర్మాగారం పని ఎంత జటిలమో చెప్పే గుణకంతో భాగిస్తారు. చిక్కటి ముడిచమురును పగలగొట్టే కర్మాగారాన్ని, ఉత్తినే మరగబెట్టే కర్మాగారంతో పోల్చడం తప్పు కనుక ఈ భాగహారం సబబే. కాని రెండుసార్లు భాగించాక మిగిలే అంకె ఆకాశానికి ఏమి చేరిందో చెప్పదు. విశాఖ కర్మాగారం సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటీ యాభై లక్షలకు పెంచారు. పీపాకు శక్తి వాడకం పది శాతం తగ్గించగలిగారనే అనుకుందాం. పూర్తి సామర్థ్యంతో నడిస్తే మొత్తం వాడకం అరవై శాతానికి పైగా పెరుగుతుంది. నివేదికలో బాణం కిందికి చూపిస్తుంది, చిమ్నీ మాత్రం పైకే చూపిస్తుంది.

అడగని ప్రశ్నకు జవాబు ఉండదనడానికి తెలుగునేల మీద జరిగిన పెద్ద ఉదాహరణ పాశర్లపూడి. 1995 జనవరి 8న కోనసీమలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న పందొమ్మిదో నంబరు బావి పేలి అంటుకుంది. అరవై అయిదు రోజుల పాటు, మార్చి మధ్య దాకా ఆ మంట రేయింబవళ్లు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి, అమెరికా నుంచి మంటలార్పేవాళ్లు దిగారు. పత్రికలు మంట ఎత్తు రాశాయి, కాలిన కొబ్బరిచెట్ల గురించి రాశాయి, నష్టాన్ని రూపాయల్లో రాశాయి. వాతావరణంలోకి ఎంత వాయువు పోయిందని అప్పటి ఏ నిబంధనా అడగలేదు. కొన్న కరెంటుకూ మండించుకున్న ఫర్నేసు ఆయిల్‌కూ ఫారంలో గడులున్నాయి. బావి నోట ఊరికే కాలిపోయినదానికి గడి లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ కొనలేదు, అది ఏ సరుకునూ తయారు చేయలేదు. పొదుపు లెక్క దృష్టిలో అది ఇంధన వాడకమే కాదు. విచిత్రమేమిటంటే ఆ రెండు నెలలూ రాత్రిపూట అక్కడి జనం చదువుకోగలిగేంత వెలుగుండేదని చెప్పుకునే ఆ మంట, శక్తి నివేదికల చరిత్రలో చీకటి గది.

బయటి ప్రపంచంలోనూ వాతావరణం కోసం లెక్క రాయడం ఆ తర్వాతే మొదలైంది. 1997 మేలో బీపీ అధిపతి జాన్ బ్రౌన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, భూతాపం విషయంలో ఇక చేతులు కట్టుకుని కూర్చోలేమని ఒప్పుకున్నాడు. పెద్ద చమురు కంపెనీల్లో అది మొదటి గొంతు. 2001లో హరితగృహ వాయువుల లెక్కకు పద్ధతి చెప్పే జీహెచ్‌జీ ప్రోటోకాల్ వచ్చి ఆ లెక్కను మూడు స్కోపులుగా విడదీసింది, 2003లో చమురు సంఘాలు కలిసి తమ పరిశ్రమకు తగిన మార్గదర్శకాలు అచ్చువేసుకున్నాయి. ఈ స్కోపుల సంగతి గండికోట నుంచి చూస్తే సులువుగా అర్థమవుతుంది. కంపెనీ తన పొయ్యిలో తానే కాల్చింది ఒకటో స్కోపు. విశాఖ కర్మాగారం గ్రిడ్ నుంచి కరెంటు కొంటే, దాని కోసం పొగ కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం గొట్టంలోంచి రావచ్చు. ఆ పొగ రెండో స్కోపు. చమురు అమ్మాక కొన్నవాడి దగ్గర, అంటే నాపరాయి లారీలో కాలింది మూడో స్కోపు. చమురు వల్ల పుట్టే వాయువుల్లో నూటికి ఎనభై తొంభై వంతులు వచ్చేది ఈ చివరి చోటే. తవ్వడంలో, శుద్ధి చేయడంలో, మోయడంలో వచ్చేది మిగతా కొసరు. మన షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021లో తెచ్చి, 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసిన బీఆర్ఎస్ఆర్ నివేదికలో మొదటి రెండు స్కోపులూ తప్పక చెప్పాలి, మూడోది స్వచ్ఛందం. సిమెంటు కంపెనీ విషయంలో ఈ ఏర్పాటు వల్ల లెక్కకు పెద్ద నష్టం లేదు, దాని పొగ ఎక్కువ భాగం దాని బట్టీలోనే ఉంది. చమురు కంపెనీకి మాత్రం ఇదే నియమం వరం. దాని అసలు పద్దే స్వచ్ఛందం గదిలో పడింది. అన్ని పరిశ్రమలకూ ఒకే ఫారం అన్నది చూడ్డానికి సమానత్వంలా ఉంటుంది, ఫలితంలో కాదు.

దీనికి చమురు కంపెనీల వైపు నుంచి వచ్చే జవాబు బలమైనదే. లారీ మాది కాదు, తోలేది మేం కాదు, బండలు కొన్నది మేం కాదు; ఆ పొగ లారీ యజమాని లెక్కలోనో, రవాణా కంపెనీ లెక్కలోనో, సిమెంటు ఫ్యాక్టరీ లెక్కలోనో వస్తుంది; మేమూ రాస్తే ఒకే పొగను రెండుసార్లో మూడుసార్లో లెక్కపెట్టినట్టవుతుంది అంటారు. కూడికలు వేసి దేశం మొత్తానికి అంకె తేల్చేటప్పుడు ఈ మాట నిజం. కాని నివేదిక పని కూడిక ఒక్కటే కాదు. ఊరి కరణం రాసే అడంగలులో పొలం వారీగా ఏ పంట వేశారో ఉండేది, పదో నంబరు ఖాతాలో అదే భూమి రైతు వారీగా ఉండేది. ఒకే ఎకరం రెండు పుస్తకాల్లో ఉందని, భూమి రెట్టింపైందని ఎవరూ అనుకోలేదు. ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికే రెండు పుస్తకాలు. అమ్మినవాడి లెక్కా కాల్చినవాడి లెక్కా పక్కపక్కన ఉంటే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఇక లారీ యజమాని తన పొగను ఏదో ఒక నివేదికలో రాస్తాడన్న భరోసా ఎంతవరకు నిలుస్తుంది? జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో, ఒకటి రెండు లారీలున్న యజమానుల్లో సెబీ ఫారం నింపవలసినవాళ్లు దాదాపు లేరు. చమురు కంపెనీ చేయి కడిగేసుకుంటే ఆ పొగ ఏ పుస్తకంలోనూ లేకుండా పోతుంది. రెండుసార్లు రావడమన్న భయం పెద్దదా, ఒక్కసారీ రాకపోవడమన్న వాస్తవం పెద్దదా అన్నది చూసుకోవాలి.

రెండో అభ్యంతరం దేశం తరఫున వచ్చేది, దాన్ని మరింత గౌరవంగా వినాలి. మన తలసరి ఉద్గారాలు ధనిక దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకా రోడ్లు వేయాలి, ఇళ్లు కట్టాలి, నీళ్లు ఎత్తిపోయాలి. మొత్తం ఎంత అని అడిగితే ఎదగొద్దన్నట్టే, అందుకే టన్నుకు ఎంత అని అడగడమే న్యాయం అంటారు. లక్ష్యాలు పెట్టేటప్పుడు ఈ వాదనతో పేచీ లేదు. 2022లో శక్తి పొదుపు చట్టాన్ని సవరించి 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ పథకం కూడా టన్ను సరుకుకు ఎంత వాయువు అన్న తీవ్రతనే లక్ష్యంగా పెట్టుకుంది. పేచీ అంతా లక్ష్యాన్నీ నివేదికనూ కలిపేయడం దగ్గరే. వానలు లేని ఏడు శిస్తు తగ్గించవచ్చు, మాఫీ చేయవచ్చు; అందుకోసం పొలం విస్తీర్ణం తక్కువ రాయనక్కర్లేదు. నిజానికి సెబీ ఫారం ఈ విషయంలో పాత ఫారం-ఎ కంటే మెరుగు, మొత్తమూ అడుగుతుంది, తీవ్రతా అడుగుతుంది. కాని కంపెనీలు గర్వంగా ముఖపత్రానికి ఎక్కించేది సాధారణంగా తీవ్రతనే, మొత్తం ఎక్కడో అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివేవాళ్లు వెతుక్కోవాలి.

ఈ గొడవ కడప జిల్లాకెందుకు అని మూడో ప్రశ్న రావచ్చు. ఇక్కడివాళ్లకు కావలసింది నీళ్లు, నివేదికలు కావు కదా? దీనికి తొందరపడి చెప్పే జవాబు ఒకటుంది: కరువంతా చమురు పొగ తెచ్చిందే అని. అది నిజం కాదు, చెప్పకూడదు. ధాత కరువు ఈ సీమను 1876లో తుడిచిపెట్టినప్పుడు ఊళ్లో దీపం ఇంకా ఆముదానిదే. వర్షచ్ఛాయలో ఉన్న నేల కనుక పెన్న ఎప్పుడూ నమ్మరాని నదే. అయితే ఎప్పుడూ అంచున బతికే ఊరికి వేడి కాస్త పెరిగినా, వాన కాస్త అదను తప్పినా దెబ్బ లోతుగా తగులుతుంది. అలాంటి ఊరికి ఎవరు ఎంత పొగ వదిలారన్న లెక్క అడిగే హక్కు మరింత ఉంటుంది. ఇంకో కారణమూ ఉంది. ఇక్కడి నీళ్ల కథే ఇప్పుడు శక్తి కథ అయింది. గండికోట జలాశయం నిల్వ 26.85 టీఎంసీలు. శ్రీశైలం నీళ్లు గాలేరు-నగరి కాలువలో ఇక్కడిదాకా వాలులోనే వస్తాయి. ఇక్కణ్నుంచి చిత్రావతి జలాశయానికి, పైడిపాలేనికి మాత్రం మోటార్లు ఎత్తిపోయాలి. డీజిలు ఇంజను మీద బావి నీళ్లు తోడుకున్న తరం పోయి, కరెంటు మీద నదినే ఎత్తే తరం వచ్చింది. కాలుతున్నది కంటికి కనబడే ఇంజను నుంచి కంటికి కనబడని గ్రిడ్‌లోకి మారేకొద్దీ, ఎక్కడ కాలిందో రాసే పుస్తకం అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మిగిలింది కరణం సమస్య. నివేదికల్లోని అంకెల్లో చాలా భాగం కొలిచినవి కావు, గుణించినవి. ఎన్ని టన్నుల ఇంధనం కాలిందో చూసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. కాలిన ఇంధనానికి ఈ పద్ధతి నమ్మదగిందే, ఎందుకంటే ఇంధనం డబ్బుతో కొన్నది, బిల్లులుంటాయి. లీకైన మీథేన్ విషయంలో మాత్రం అదే పద్ధతి తేలిపోతుంది. ఇన్ని కవాటాలున్నాయి కాబట్టి ఇంత కారి ఉంటుంది అని రాయడం, ఊళ్లో ఇన్ని ఇళ్లున్నాయి కాబట్టి ఇంత పండి ఉంటుంది అన్నట్టుంటుంది. తనిఖీ చేసే ఆడిటరును పెట్టుకుని ఫీజు ఇచ్చేది కూడా ఆ కంపెనీయే. మన్రో తన కొలతగాళ్లకు కరణం చేత జీతమిప్పించి ఉంటే ఆ సర్వే ఎలా తేలేదో ఊహించడం కష్టం కాదు. ఇటీవల ఒక మార్పు వచ్చింది. 2017లో ఐరోపా వాళ్లు పంపిన సెంటినెల్-5పి లాంటి ఉపగ్రహాలు పెద్ద మీథేన్ లీకుల్ని ఎవరి అనుమతీ లేకుండా పైనుంచి చూస్తున్నాయి. పొలం గట్టున గొలుసు దిగినట్టే ఇదీ. పాశర్లపూడి లాంటిది ఇప్పుడు జరిగితే ఫారంలో గడి లేకపోయినా ఆకాశంలో సాక్ష్యం ఉంటుంది.

లారీ పొగకు మాత్రం ఉపగ్రహం కూడా అక్కర్లేదు. దేశంలో ఏ రాష్ట్రంలో ఎంత పెట్రోలు, ఎంత డీజిలు అమ్ముడైందో పెట్రోలియం శాఖ కిందనున్న పీపీఏసీ ఇప్పటికే ప్రచురిస్తోంది. రాష్ట్రం దాకా వచ్చిన అంకెను జిల్లా దాకా, మండలం దాకా దించి, అందులో డీజిలు లీటర్లను 2.7తో హెచ్చవేసి, అమ్మిన కంపెనీ తన వార్షిక నివేదికలో తప్పనిసరిగా రాయాలని సెబీ అడిగితే చాలు. అందుకు కొత్తగా కొలవవలసింది కూడా ఏమీ లేదు. జమ్మలమడుగులో గాని, మరే ఊళ్లో గాని, పెట్రోలు బంకులో రోజూ పొద్దున్నే భూమిలోని ట్యాంకులోకి డిప్ రాడ్ దించి, నిన్నటి నూనె ఎంత తగ్గిందో చూసి రిజిస్టరులో రాస్తారు.